కాయ వదిలే ముందు కింద నుంచి జవాబు రావాలి

(పెనుగొండలో కొబ్బరి రైతులు, దింపు కార్మికులు కలిసి కూర్చున్న సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మన సంఘం సమావేశమంటే మద్దతు ధర, కాలవ నీరు, కౌలు కార్డులు, ధాన్యంలో తేమ శాతం, ఇవే మాట్లాడుకుంటాం. మైకు ముందుకు రాగానే అవే నోటికొస్తాయి. ఈ పూట అవి కాదు. చెట్టు మీదున్న మనిషి, చెట్టు కిందున్న మనిషి ఒకరితో ఒకరు ఎలా మాట్లాడుకోవాలన్నది చెప్పుకుందామని వచ్చాం. ఈ మాట అంటే మన సంఘంలోనే కొందరు నవ్వారు. "దానికి మీటింగెందుకండీ, నోరుంది కదా, ఓ కేక వేస్తే సరి" అన్నారు. ఆ కేక సంగతే చెప్పాలి.

ముందు మా తప్పు మేం చెప్పుకుంటాం. మా తోట చేపల చెరువుల పక్కన ఉంది. నాలుగేళ్ల కిందట ఎండాకాలంలో మా ఇంట్లో పెళ్లికి బొండాలు దింపించాం. ముదురు కాయైతే నరికి వదిలేస్తారు, కింద పడుతుంది. బొండాలకి అలా కుదరదు, పగిలిపోతాయి. గెలకి తాడు కట్టి, ఆ తాడుని పైన ఓ గట్టి మట్ట మొదలు మీదుగా వేసి, రెండో కొస కింద మనిషికి వదులుతారు. గెల తెగ్గానే బరువు తాడు మీద పడుతుంది. కిందవాడు కొద్దికొద్దిగా వదులుతుంటే గెల మెల్లగా దిగుతుంది. మీకు తెలియని పనేం కాదు.

పైనున్నాయన ముప్పై ఏళ్లుగా దింపు పని చేస్తున్న మనిషి. మేం బాబాయ్ అని పిలుస్తాం. కింద తాడు పట్టుకున్నది మా పక్క చేను కౌలు రైతు కొడుకు, సెలవులకు వచ్చిన కాలేజీ కుర్రాడు. రెండు గెలలు బాగానే దిగాయి. మూడో గెల నరకబోయే ముందు తాడు బాబాయ్ మోచేతికి మెలిక పడింది. దాన్ని విడిపించుకోవాలి. "ఆగు!" అని అరిచాడు. చెరువులో ఏరేటర్లు తిరుగుతున్నాయి. పడమటి గాలి కూడా ఉంది. కుర్రాడికి "లాగు" అని వినపడింది. లాగాడు.

బాబాయ్ చెట్టు మీద పట్టు తప్పాడు. సగం దూరం మానుని కరుచుకుని జారాడు, మిగతా సగం పడిపోయాడు. అంతకు ముందు రోజే నీరు పెట్టాం కనుక బోదెలో బురదలో పడ్డాడు, బతికాడు. మణికట్టు విరిగింది, తుంటి ఎముక చిట్లింది, ఛాతీ మీద చర్మం మొత్తం లేచిపోయింది.

ఆ టైముకి మేం ఎక్కడున్నాం? గట్టు మీద నీడన నిలబడి ఫోనులో షామియానా వాళ్లతో బేరం ఆడుతున్నాం.

ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాం. ఇంటికి బియ్యం పంపాం. అంతటితో మా బాధ్యత తీరిందనుకున్నాం. పైగా ఆ కుర్రాడిని నలుగురిలో తిట్టాం, చెవులు లేవా అని. వాడు ఏడుస్తూ ఒకటే మాట అన్నాడు: "నాకు 'గు' ఒక్కటే వినపడిందండి. ముందేముందో నాకేం తెలుసు?"

ఆ మాట చాలా రోజులు మమ్మల్ని వదల్లేదు. వాడి చెవులు బాగానే ఉన్నాయి. మేం వాళ్లిద్దరి చేతుల్లో తాడు పెట్టాం గానీ మాట పెట్టలేదు. పొద్దున్న పనిలోకి దిగే ముందు ఒక్క నిమిషం నిలబెట్టి, ఏ మాట అంటే ఏం చెయ్యాలో అనుకుని ఉంటే ఆ చెయ్యి విరిగేది కాదు.

అప్పటి నుంచి తోటల్లో కేకలు చెవి పెట్టి వింటున్నాం. మన తెలుగులో ఓ చిక్కుందండి. వద్దనే మాట చివర్లో వస్తుంది. "రావొద్దు" అని పైనుంచి అరిస్తే గాలికి చివర కొట్టుకుపోయి "రా" అన్నది మిగులుతుంది. "వదలకు" అంటే "వదులు" లాగానే తగుల్తుంది. "కొయ్యకు" అంటే "కొయ్యి" అనిపిస్తుంది. అంటే మనం ఆపమని అరిచిన అరుపు, అందుకునేవాడి చెవికి చెయ్యమన్నట్టు చేరుతుంది. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఇది తెలియదు. అరవై అడుగుల ఎత్తున, మట్టలు గాలికి గలగలలాడుతున్నప్పుడు, పక్కన ఇంజనో ఏరేటరో తిరుగుతున్నప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి మొదటి సంగతి: చెట్టు పనిలో "వద్దు" కలిసిన మాట, "కు"తో ముగిసే మాట అరవకూడదు. "ఆగు", "లాగు" రెండూ మానెయ్యాలి.

రెండో సంగతి టైము. అరవై అడుగుల నుంచి వదిలిన కాయ నేల మీద పడటానికి పట్టేది దాదాపు రెండు సెకన్లు. పడేటప్పటి వేగం గంటకు 70 కిలోమీటర్ల దగ్గర ఉంటుంది. సిద్ధాంతం వంతెన మీద వెళ్లే మోటారు సైకిలు వేగమనుకోండి. ఆ రెండు సెకన్లలో పైనుంచి కేక రావాలి, అది కిందవాడి చెవికెక్కాలి, వాడు తల ఎత్తి చూసి, ఎటు పోవాలో ఆలోచించి కాలు కదపాలి. అయ్యే పనేనా? పైగా కేక వినగానే మనమందరం చేసేది తలెత్తి పైకి చూడటం. కాయకి మొహం అప్పజెప్పడమన్నమాట. కాయ వదిలాక వేసే కేక హెచ్చరిక కాదండి. జరిగిపోయిన దాన్ని చెప్పడమే.

ఇక్కడ ఇంకోటుంది, ఇది మనలో మనం ఒప్పుకోవాలి. చెట్టు మీదున్న మనిషి ఎవరు, కింద నిలబడేది ఎవరు? పైన కూలి, కింద ఆసామి. "తప్పుకో!" అని ఒక్క ముక్కలో అరవాలంటే పైనున్నాయనకి నోరు రాదు. "బాబుగారండీ, కాస్త పక్కకి జరగండి" అంటాడు. ఆ మాట నిదానంగా అని చూడండి, రెండు సెకన్లు దాటిపోతుంది. ఆయన మర్యాద పూర్తయ్యేలోపు కాయ కిందకొచ్చేస్తుంది. ఓ దింపు కార్మికుడు మాతో అన్నాడు: "కింద పిల్లలుంటే గట్టిగా అరుస్తామండి, కాయ ఏరే ఆడోళ్లుంటే తిడతాం కూడా. మీరుంటే మాత్రం గొంతు లేవదండి." విని సిగ్గుపడ్డాం. కనుక మనం పెట్టుకునే మాటల్లో నువ్వు, మీరు అనే తేడా ఉండకూడదు. ఆసామి ఉన్నా, ఆసామి తండ్రి ఉన్నా అదే మాట, అదే గొంతు. చెట్టు మీద మనిషి ఉన్నంతసేపు ఆ తోటకి పెద్ద ఆయనే.

మరి ఏ మాటలు? కొత్తవి కనిపెట్టక్కర్లేదు. మనందరం చిన్నప్పటి నుంచి ఎర్ర బస్సు ఎక్కినవాళ్లమే. కండక్టరు "రైట్" అంటే బస్సు కదుల్తుంది, "హోల్డాన్" అంటే ఆగుతుంది. విజిల్ ఒకసారి వేస్తే ఆగాలి, రెండుసార్లు వేస్తే కదలాలి. చదువు రానివాడికీ ఇది తెలుసు. ఈ రెండు మాటలు ఒకదానికొకటి ఏ గాలిలోనూ కలవవు. అవే తీసుకున్నాం.

మా తోటలోనూ ఇంకో మూడు తోటల్లోనూ కిందటి రెండు దింపుల్లో ఎలా చేశామో చెప్తాం. కింద ఒక్క మనిషిని పెట్టాం. ఆ మనిషి కాయ ఏరకూడదు, మోయకూడదు, ఫోను ముట్టుకోకూడదు. పైకి చూడటం, చుట్టూ చూడటం, జవాబివ్వడం, ఇదే పని. పైనున్నాయన గెల నరికే ముందు "కాయ!" అంటాడు. ఒక్క మాటే. కిందాయన చుట్టూ చూసి, ఎవరూ లేకపోతే చెయ్యి పైకెత్తి "రైట్!" అంటాడు. ఆ రైట్ వినపడితేనే, లేకపోతే ఎత్తిన చెయ్యి కనపడితేనే కత్తి ఆడుతుంది. రెండూ లేకపోతే కత్తి ఆడదు. మళ్లీ "కాయ!" అంటాడు. జవాబు లేకపోవడాన్ని ఎవరూ లేరని అనుకోవడమే ఇన్నాళ్లూ మనం చేసిన పొరపాటు. కింద ఎవరూ పలక్కపోతే ఎవరో మట్టల కింద వంగి ఏరుకుంటున్నారని అర్థం చేసుకోవాలి.

ఎండు మట్టలు కొట్టేటప్పుడు "మట్ట!" అనాలి. కాయకీ మట్టకీ తేడా ఎందుకంటే కాయ నిటారుగా పడుతుంది, మట్ట గాలికి తిరుగుతూ పక్క వరసలోకి పోతుంది. దిగేటప్పుడు "దిగుతున్నా" అంటాడు, కిందాయన "రైట్" అన్నాక దిగుతాడు. బొండాల తాడుకి రెండే మాటలు: "బిగువు", "వదులు". "రైట్" అనే హక్కు ఆ ఒక్క మనిషికే. గట్టు మీద నిలబడ్డ నలుగురూ తలా ఓ రైట్ అంటే పైనున్నాయన ఎవరి మాట నమ్మాలి? "హోల్డాన్" మాత్రం ఎవరైనా అనొచ్చు. కాయ ఏరే ఆవిడ అనొచ్చు, బడి నుంచి వచ్చిన పిల్లాడు అనొచ్చు. ఎందుకన్నావని తర్వాత అడగొచ్చు గానీ ముందు ఆగాలి.

మొదటి రోజు మా దింపువాళ్లు నవ్వుకున్నారు. "ఇదేంటండీ, చెట్టెక్కామా బస్సెక్కామా" అన్నారు. పదిగంటలకల్లా అలవాటైపోయింది. మధ్యాహ్నానికి వాళ్లే, జవాబు ఆలస్యమైతే, పైనుంచి కిందాయనని కసురుకోవడం మొదలెట్టారు.

నిలబడే చోటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువ దెబ్బలు అక్కడే తగుల్తున్నాయి. కొబ్బరి మొక్కలు సాధారణంగా 8 మీటర్ల ఎడంలో వేస్తాం, అంటే 26 అడుగులు. ముదురు చెట్టు మట్ట పదహారు నుంచి ఇరవై అడుగులు ఉంటుంది. అంటే పక్కపక్క చెట్ల మట్టలు పైన ఒకదాంట్లో ఒకటి దూరిపోయి ఉంటాయి. మనవాళ్లేమో ఒక చెట్టు దింపి రెండో చెట్టు ఎక్కగానే, మొదటి చెట్టు కింద ఏరడం మొదలెడతారు. అది క్షేమమనుకుంటారు. ఎక్కిన చెట్టు కాయ పక్క చెట్టు మట్ట మీద పడి ఎగిరి వస్తుంది. ఒక వరస వెనకే ఏరాలి. ఎక్కిన చెట్టుకీ ఏరే చెట్టుకీ మధ్య ఒక చెట్టు ఖాళీగా ఉండాలి. జవాబిచ్చే మనిషి కూడా మొదట్లో నిలబడి మెడ విరిచి పైకి చూడకూడదు. దూరంగా, ఎక్కినాయన మొహం ఎటుందో అటు నిలబడాలి. ఆయన మొవ్వు చుట్టూ తిరిగితే ఈయనా తిరగాలి. మట్టల సందుల్లోంచి పైనవాడికి కింద మొదలు కనపడదు, దూరంగా ఉన్న మనిషే కనపడతాడు.

కోకో వేసిన తోటలు ఇంకా మోసం. కొబ్బరి కింద కోకో, పక్కన అరటి. పైనుంచి చూస్తే అంతా పచ్చటి పరుపులా ఉంటుంది. దాని కింద ముగ్గురు ఆడవాళ్లు కాయలు ఏరుతున్నా పైకి కనపడరు. అలాంటి తోటలో దింపుకి ముందు కిందాయన వరసలోకి వెళ్లి మనుషుల్ని లెక్కపెట్టుకుని బయటకి తేవాలి. ఎంతమంది లోపలికి వెళ్లారో అంతమంది బయటకి రావాలి. చెరువు గట్ల మీద కొబ్బరికి ఇంకో తంటా. గట్టు సన్నం, తప్పుకునే చోటు ఉండదు. పైగా ఏరేటర్ల మోత. అక్కడ గొంతుని నమ్ముకోకండి, విజిలే వాడండి.

విజిల్ ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా మేం మొదట తప్పు చేసి నేర్చుకున్నాం. ఎక్కేవాళ్లకి ఇచ్చాం. ఒకాయన పళ్ల మధ్య కరిచిపట్టుకుని ఎక్కాడు. కాలు జారితే అది గొంతులోకి పోతుంది. మెడలో గట్టి తాడుతో వేసుకుంటే మట్టకి చిక్కుకుంటుంది. అందుకని విజిల్ కింద మనిషికే. పైనున్నాయన గొంతు వినపడని చోట కత్తి వెనక వైపుతో ఎండు మట్ట మీద టకటకా రెండు దెబ్బలు కొడితే "కాయ" అన్నట్టు. దానికి కింద నుంచి రెండు విజిళ్లు జవాబు. ఒక్కటే పొడుగ్గా వేస్తే హోల్డాన్. చెట్టు మొదట్లో కర్రతో కొడితే పైకి తెలుస్తుందని ఓ పెద్దాయన అన్నాడు. తెలిస్తే తెలుస్తుంది గానీ, అలా కొట్టాలంటే చెట్టు కిందికే వెళ్లాలి కదా!

ఫోన్ల గురించి కుర్రాళ్లు అడిగారు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కాల్ కలిపి ఉంచితే పోలా అని. విదేశాల్లో పెద్ద చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాళ్లు హెల్మెట్‌లో మైకు పెట్టుకుని కింద వాళ్లతో మాట్లాడుకుంటారు, నిజమే. కానీ ఆ మైకులు రాకముందు నుంచే అమెరికాలో చెట్ల పనికి రాసుకున్న భద్రతా నియమాల్లో మనం చెప్పుకున్నదే ఉంది. పైనవాడు దూరం జరగమని అరవాలి, కింద నుంచి అంతా ఖాళీ అని జవాబు రావాలి, లేదా ముందే అనుకున్న చేతి సైగ కనపడాలి. అప్పుడే కొమ్మ వదలాలి. అన్ని డబ్బులు, యంత్రాలు ఉన్నవాళ్లు కూడా కేకకి జవాబు అనే దగ్గరే ఆగారు. ఇక మన ఫోను సంగతి: మా తోటలో చెట్టు మీద ఉండగా ఒకాయన జేబులో ఫోను మోగింది. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. చెట్టు మీద ఉండేది రెండు చేతులు, ఒకదాంట్లో కత్తి. ఇక పట్టుకునేది దేంతో? ఫోనులు కింద సంచీలో పెట్టి ఎక్కమని చెప్తున్నాం. సంఘం తరఫున ఇది గట్టిగానే చెప్తున్నాం.

కేరళ వాళ్లు 2011లో ఒక మంచి పని మొదలెట్టారు. కొబ్బరి అభివృద్ధి బోర్డు చెట్టెక్కే కుర్రాళ్లకి శిక్షణ పెట్టింది, కొబ్బరి చెట్టు నేస్తాలు అనే అర్థం వచ్చే పేరుతో. కన్నూరు జిల్లా చెంబేరి జోసెఫ్ అనే రైతు కనిపెట్టిన, కాళ్లతో తొక్కుతూ ఎక్కే యంత్రం మీద వాళ్లకి నేర్పారు. ఆడవాళ్లు కూడా నేర్చుకుని ఎక్కారు. మనకి అంబాజీపేటలో కొబ్బరి పరిశోధన కేంద్రం ఉంది, వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, వేగివాడలో బోర్డు వాళ్ల క్షేత్రం ఉంది. తెల్లదోమ మీద, ఎర్రనల్లి మీద మనకి చెప్తారు, మంచిదే. చెట్టు సంగతి చెప్పినట్టే చెట్టెక్కే మనిషి సంగతీ చెప్పమని అడుగుదాం. యంత్రం మీద ఎక్కడం ఒక్కటే కాకుండా, కిందవాడికి జవాబివ్వడం నేర్పమని అడుగుదాం. ఎక్కేవాడితో పాటు కింద నిలబడేవాడినీ శిక్షణకి పిలవాలి. ఇద్దరిలో ఒకడికే నేర్పితే సగం పనే.

కరెంటు తీగలు. దీని మీద ఒక్క మాటలో దాటలేం. తోటల మీదుగా 11 కేవీ లైన్లు పోతున్నాయి. మట్ట తీగ మీద వాలి ఉంటే, అదే మట్టని పట్టుకుని ఉన్న మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఇనప గెడకి కత్తి కట్టి కోసేవాళ్లకి మరీ ప్రమాదం. ఇక్కడ లైన్‌మన్లు చేసే పని చూసి నేర్చుకోవాలి. వాళ్లు స్తంభం ఎక్కే ముందు ఎల్‌సీ తీసుకుంటారు. సబ్‌స్టేషన్ నుంచి లైన్ ఆపామని మాట రావాలి, అప్పుడు ఎక్కాలి. దిగాక ఎల్‌సీ తిరిగి ఇచ్చాకే సరఫరా వదలాలి. మనం చెప్పే "కాయ", "రైట్" కూడా అదే పద్ధతి. తీగ పక్క చెట్టుంటే జవాబిచ్చే మనిషి కళ్లు తీగ మీదే ఉండాలి, ఆ చెట్టుకి ఆ రోజు దింపు లేదు. 1912కి ఫోన్ చేసి గానీ, మీ లైన్‌మన్‌కి చెప్పి గానీ లైన్ ఆపించి, ఆపామని ఆయన నోటితో విన్నాకే ఎక్కించండి. "ఈ టైములో కరెంటు ఉండదులే" అని ఎక్కించినవాళ్లు ఉన్నారు.

మనవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. 1996 నవంబరు 6 తుపాను తర్వాత మనలో చాలామంది పడిపోయిన చెట్లు లాగించాం, సగం ఒరిగిన చెట్లు తాళ్లు కట్టి పడగొట్టించాం. పదిమంది ఒక తాడు పట్టుకుంటే ఒక్కడే "హైలెస్సా" అనేవాడు, మిగతా తొమ్మిదిమందీ అందుకునేవాళ్లు. అందుకున్నాకే బలం పడేది. అందుకోకుండా ఒకడు లాగితే వాడికి నడుం పట్టేసేది. మా చిన్నతనంలో పెరట్లో చెట్టెక్కే ముందు దింపువాళ్లు వీధిలోనే కేక వేసేవారు, చెట్టెక్కుతున్నాం అని. పెరట్లో ఆడవాళ్లు స్నానాలు చేస్తుంటారేమోనని. లోపల నుంచి "ఎక్కండి" అని జవాబు వస్తేనే ఎక్కేవారు. ఆడవాళ్ల మర్యాద కోసం జవాబు దాకా ఆగినవాళ్లం, ప్రాణం కోసం ఆగలేమా?

ఇప్పుడు డబ్బు దగ్గరికి వద్దాం. అందరూ దీనికోసమే చూస్తున్నారని తెలుసు.

దింపు కూలి చెట్టు లెక్కన ఇస్తాం. ఎన్ని చెట్లెక్కితే అంత. జవాబు కోసం ఆగితే చెట్టుకి కొద్ది సేపు ఎక్కువ పడుతుంది. మా లెక్కలో మనిషికి రోజు మీద నాలుగైదు చెట్లు తగ్గాయి. ఆ నాలుగైదు చెట్ల కూలి ఎవరు పోగొట్టుకోవాలి? దింపువాడి జేబులోంచి తీసి మన భద్రతా పాఠాలు నడపలేం. నాలుగు రోజులు చేసి ఐదో రోజు మానేస్తాడు. తప్పు పట్టడానికి లేదు. కాబట్టి మేం రెండు పనులు చేశాం. తగ్గిన చెట్లకి సరిపడా కూలి కలిపి ఇచ్చాం. జవాబిచ్చే మనిషికి విడిగా రోజు కూలి ఇచ్చాం. కాయ ధర పడిపోయిన రోజుల్లో ఇది భారమే, కాదనం. ఎకరం, అరెకరం ఉన్న రైతుకి ఇంకా భారం. అలాంటివాళ్లు నలుగురు కలిసి ఒకే రోజు దింపు పెట్టుకోండి, ఒక మనిషి కూలి నలుగురి మీద పడుతుంది. తోట మొత్తం వ్యాపారికి దింపుతో సహా మాట్లాడుకునేవాళ్లు బేరంలోనే ఈ మనిషిని కలపండి. "అది వ్యాపారి చూసుకుంటాడు" అని వదిలేస్తే ఆయన దింపువాళ్ల మీద వదిలేస్తాడు. తోట మనది, పడితే మన తోటలోనే పడతాడు.

బీమా ఒకటుంది, చాలామంది మనవాళ్లకి తెలియదు. కొబ్బరి బోర్డు వాళ్ల "కేర సురక్ష". కొబ్బరి చెట్టెక్కేవాళ్ల కోసం పెట్టిన ప్రమాద బీమా. ప్రీమియంలో పెద్ద వాటా బోర్డే కడుతుంది, కార్మికుడు కట్టేది చిన్న వాటా. ఆ చిన్న వాటా కూడా తోట యజమానులం వేసుకుందామని సంఘం తరఫున అడుగుతున్నాం. దరఖాస్తులు రైతు సేవా కేంద్రాల్లోనే తీసుకోవాలని అధికారులకి ఇచ్చే అర్జీ సిద్ధం చేశాం, బయట బల్ల మీద ఉంది, సంతకాలు పెట్టి వెళ్లండి. అందులోనే ఇంకో మాట రాశాం. దెబ్బ తగిలేది ఎక్కేవాడికే కాదు, కింద ఏరే ఆడమనిషికి కూడా. ఆమెని కూడా ఇలాంటి బీమాలోకి తీసుకోవాలని.

బాబాయ్ ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో. మళ్లీ చెట్టెక్కలేదు, ఆ మణికట్టు పూర్తిగా తిరగదు. కిందటి రెండు దింపుల్లో మా తోటలో జవాబిచ్చే మనిషి ఆయనే. ముప్పై ఏళ్లు పైనుంచి చూసినవాడు కనుక పైనున్నవాడి చెయ్యి ఎటు పోతోందో కింద నుంచి చెప్పగలడు. మొన్న ఒక పూట ఆయన మా మీదే విజిల్ వేశాడు. ఫోను మాట్లాడుతూ వరసలోకి నడిచిపోతున్నాం. ఒక్కటే పొడుగు విజిల్. ఆగాం. ఆ తాడు పట్టిన కుర్రాడు కూడా వస్తానన్నాడు, ఉద్యోగంలో సెలవు దొరక్క రాలేదు. అతన్ని అందరిలో తిట్టాం కనుక అందరిలోనే చెప్తున్నాం: ఆ రోజు తప్పు మాది.

సందేహాలుంటే ఇప్పుడే అడగండి. తర్వాత అందరం పక్క తోటలోకి వెళ్దాం. అక్కడ రెండు చెట్లు దింపి చూపిస్తారు. మీలో ఇద్దరు జవాబిచ్చే పని చేసి చూడాలి. ముందు వరసలో ఉన్నవాళ్లే రండి, వెనకవాళ్లు గట్టు మీదే ఉండండి. విజిళ్లు అర్జీ పక్కనే డబ్బాలో ఉన్నాయి, తోటకి ఒకటి తీసుకోండి.